లక్క సీలు వేసిన గ్రాఫిక్స్ కార్డు

పిల్లలు కంప్యూటర్ ఆటలాడితే చెడిపోతారని మొన్నమొన్నటిదాకా బళ్లకి సర్క్యులర్లు పంపిన ప్రభుత్వానికి, ఉన్నట్టుండి, ఆడకపోతే చెడిపోతారని తెలిసొచ్చింది. ఎలా తెలిసొచ్చిందని అడక్కండి, పైవాళ్లకి కొన్ని తెలిసిపోతుంటాయి. జిల్లాకొక ‘త్రినేత్ర ఈ-క్రీడా శిక్షణ కేంద్రం’ పెట్టి తీరాలని జీవో దిగిపోయింది. త్రినేత్ర అంటే మరేమీ లేదు, కారు పందెం ఆట ఆడుకోవడానికి ఒక సీటు, ఒక స్టీరింగు, కాళ్ల దగ్గర పెడల్సు, ఎదురుగా వంపుగా పేర్చిన మూడు మానిటర్లు. నడిమి తెరలో ముందున్న రోడ్డు, పక్క తెరల్లో అటూ ఇటూ కిటికీల్లోంచి కనబడే రోడ్డు. కూర్చున్నవాడికి నిజంగా కారు తోలుతున్నట్టే ఉంటుంది.

ఆ జిల్లాలో కేంద్రానికి ఇన్‌ఛార్జిగా సువర్చలని వేశారు. ఆవిడ కబడ్డీ కోచ్, అదీ కాంట్రాక్టు మీద. కంప్యూటర్‌కీ ఆవిడకీ స్నానసూతకాల సంబంధం కూడా లేదు. కానీ కబడ్డీ హాలు పక్కన ఒక గది ఖాళీగా ఉంది, దాని తాళంచెవి ఆవిడ దగ్గరుంది. ప్రభుత్వోద్యోగంలో తాళంచెవి ఎవరి దగ్గరుంటే విద్య కూడా వాళ్లకి వచ్చినట్టే లెక్క. సువర్చల మొదట గొణుక్కుంది, తర్వాత ఉజ్వలని చూసి గొణగడం మానేసింది.

మీసాల ఉజ్వల ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఇమ్మానుయేలు నెట్ సెంటర్లో, ఒక్క మానిటర్ ముందు కూర్చుని, ఆన్‌లైన్‌లో జరిగిన ఎంపిక పోటీలో జిల్లా మొత్తానికి ఫస్టు వచ్చింది. రాష్ట్ర పోటీలు మాత్రం మూడు తెరల మీద జరుగుతాయి. అక్కడ మొదటి ముగ్గురిలో ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఇంజినీరింగ్ సీటు ఖాయం. ఆ పిల్ల పుట్టాక మూడు తెరలు ఒక్కచోట చూసింది లేదు. వాళ్లమ్మ ఎర్నమ్మ బస్టాండు ఎదుట టిఫిన్ బండి నడుపుతుంది. సువర్చల వెళ్లి పిల్లని పోటీలకి పంపమని బతిమాలితే, అట్లకాడ పక్కన పెట్టి తేల్చి చెప్పేసింది.

“ఈ ఒక్కపాలికి సూస్తాను మేడమ్మా. సీటొచ్చిందా సరే. రానేదో, విశాపట్నంలో బట్టల కొట్లో పనికెట్టీడమే. మరింక ఆటా లేదు, సదువూ లేదు.”

సీటొస్తుందని సువర్చల ఆవిడకి మాటిచ్చి వచ్చింది. ఇచ్చినప్పుడు అదేమంత పెద్ద మాటలా కనబడలేదు. కంప్యూటర్ వచ్చేస్తుంది, పిల్ల కూర్చుంటుంది, ఆడుతుంది, అంతే కదా అనుకుంది పాపం.

కంప్యూటర్ వచ్చింది, స్టీరింగు వచ్చింది, సీటు వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు రాలేదు. పెట్టె మీద అంటించిన కాగితంలో ‘గ్రాఫిక్స్ కార్డును స్థానిక అవసరములకు అనుగుణముగా జిల్లా స్థాయిలో ఎంపిక చేసుకొనవలెను’ అని ఉంది. స్థానిక అవసరం అంటే ఆ జిల్లాలో ఉన్నది ఉజ్వల ఒక్కతే. సువర్చల సరాసరి ఇమ్మానుయేలు దగ్గరికి వెళ్లింది. అతను రెండు ముక్కల్లో తేల్చేశాడు. మూడు తెరలకీ బొమ్మ గీసేది ఆ కార్డే కాబట్టి ఒక తెరకయ్యే పనికి మూడింతలు పని దానికి. మెమరీ పన్నెండు జీబీకి తగ్గకూడదు. వెనకాల మూడు కేబుళ్లు పెట్టడానికి మూడు సాకెట్లుండాలి. కరెంటు సప్లై దాన్ని తట్టుకోవాలి. మంచి కార్డులు పొడుగ్గా ఉంటాయి గనక పెట్టెలో పడుతుందో లేదో కొలుచుకోవాలి. ఇవన్నీ ఉన్నది ఒక్కటి తెచ్చి పెట్టేస్తే చాలన్నాడు. సువర్చల కబడ్డీ కోర్టు గీయడానికి వాడే టేపు పట్టుకెళ్లి కంప్యూటర్ పెట్టె కొలిచింది, అన్నీ ఒక కాగితం మీద రాసుకుంది, మర్నాడు ఎంపిక కమిటీ ముందుకు వెళ్లింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ మూడు మానిటర్లూ ఒక్కరు కొన్నవి కావు. పథకం ఘనమైనదని మూడు విభాగాలు పంచుకున్నాయి. ఒకటి క్రీడల విభాగం, ఒకటి యువజన సంక్షేమం, ఒకటి ఐటీ. ఎవరి మానిటర్ మీద వాళ్ల స్టిక్కరు, నంబరు ఉన్నాయి. అందుకే కమిటీలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. క్రీడల తరఫున పాపారాయుడు గారు, యువజన సంక్షేమం తరఫున అరుంధతీదేవి గారు, ఐటీ తరఫున చక్రధర్ గారు. సువర్చల కాగితం చదివింది. ముగ్గురూ తలలూపారు. పాపారాయుడు గారు గొంతు సవరించుకుని, కార్డు మా విభాగమే కొంటుంది లెండి, అన్నాడు. ఆయన ఆ మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు.

అరుంధతీదేవి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే ఫైలు తెరిచినట్టే.

“మీరు కొంటే మంచిదే సార్. కానీ మీ కార్డు మా మానిటర్‌కి దృశ్యాన్ని సరఫరా చేస్తే, మా ఆస్తి మీద మీ విభాగం కార్యకలాపాలు నిర్వహించినట్టవుతుంది. రేపు ఆడిట్ వాళ్లొచ్చి, మీ తెరలో మీది కాని బొమ్మ ఎందుకుందమ్మా అంటే నేనేం చెప్పుకోను?”

అలాంటి ప్రమాదం ఒకటుందని అంతవరకూ ఎవరికీ తోచలేదు. చక్రధర్ గారు సాంకేతిక కోణం విప్పాడు. బొమ్మ ఏ కార్డులో పుడితే ఆ విభాగానిదేననీ, కేబులు ద్వారా ప్రయాణించినంత మాత్రాన దాని హక్కు మారదనీ సెలవిచ్చాడు. పాపారాయుడు గారు అప్పటిదాకా ఉదారంగా ఉన్నవాడు కాస్తా, అయితే మా తెరలో మాత్రం పరాయి బొమ్మ ఎందుకుండాలి అన్నాడు. సువర్చలకి ఒళ్లు మండింది. అయినా కాంట్రాక్టు ఉద్యోగి గనక మండినట్టు కనబడకుండా, ఆటలో రోడ్డు ఒక్కటే కదండీ, అది ఎడమ తెరలోంచి నడిమి తెరలోకి, అక్కణ్ణుంచి కుడి తెరలోకి వెళ్తుంది కదా అంది.

పాపారాయుడు గారు జాలిగా చూశాడు. “రోడ్డు ఒక్కటైతే ఏమైందమ్మా? మీ ఊరి నుంచి ఇక్కడికి వచ్చే రోడ్డు ఒక్కటే. ఊళ్లో పంచాయతీరాజ్‌ది, ఊరు దాటాక ఆర్ అండ్ బీది, టౌన్లోకి వచ్చాక మున్సిపాలిటీది. నువ్వు రావడం లేదూ?”

సువర్చల తన కాగితం మడిచేసుకుంది.

నడిమి తెర ఎవరిదన్న దాని మీద ఇంకో పూట గడిచింది. ప్రారంభోత్సవం ఫోటోలో నడిమి తెరే పడుతుంది గనక ముగ్గురికీ అదే కావాలి. చీటీలు వేస్తే నడిమిది ఐటీకి, ఎడమది యువజనానికి, కుడిది క్రీడలకి వచ్చాయి. కార్డు సంగతి మాత్రం తమ స్థాయిలో తేల్చేది కాదని, మార్గదర్శనం కోరుతూ రాజధానికి రాశారు. మామూలుగా అయితే అలాంటి వాటికి జవాబు రావడానికి ఒక తరం పడుతుంది. సువర్చల దురదృష్టం, ఈసారి వెంటనే వచ్చింది. పైన కూర్చున్నాయనకి ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, ఇంత లోతుగా ఆలోచించిన జిల్లా మరొకటి లేదని మెచ్చుకుని మరీ ఉత్తర్వు ఇచ్చాడు. ‘ఒక విభాగము యొక్క గ్రాఫిక్స్ కార్డు నుండి మరియొక విభాగము యొక్క మానిటరుకు దృశ్య సరఫరా నిషిద్ధము. ప్రతి విభాగము తన కార్డును తానే ఎంపిక చేసుకొనవలెను. ఇది అన్ని జిల్లాలకును, రాష్ట్ర స్థాయి పోటీలకును వర్తించును.’

ఇంక చూసుకోండి, ముగ్గురూ కార్డుల వేటలో పడ్డారు. ఒకటి ఎంచుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చే చోట మూడు ఎంచుకోవాలి. సువర్చల రాసుకున్న కాగితం ఇప్పుడు ఎవరికీ పనికిరాదు, ఎందుకంటే అది మూడు తెరలకి పనికొచ్చే కార్డు గురించి రాసినది. ఎవరికి కావలసింది వాళ్ల ఒక్క తెరకే.

క్రీడల విభాగం ఏం కొన్నా వాలీబాళ్లూ నెట్లూ సరఫరా చేసే కంపెనీ దగ్గరే కొనాలి. వాళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చారో తెచ్చారు. కార్డుతో పాటు ‘గాలి ఒత్తిడి పరీక్షించి సంతృప్తికరమని ధ్రువీకరించడమైనది’ అన్న పత్రం కూడా జతచేశారు. పాపారాయుడు గారు దాన్నే ముందు చదివి, భేష్ అన్నాడు. యువజన సంక్షేమం వాళ్లు నిరుద్యోగ యువతని ప్రోత్సహించాలి కాబట్టి సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్న కుర్రాళ్ల సంఘానికి ఆర్డరిచ్చారు. ఆ కుర్రాళ్లు ఏ పాత కంప్యూటర్లోంచో ఒక కార్డు ఊడదీసి, దుమ్ము దులిపి, పసుపు కుంకుమ పెట్టి, అరుంధతీదేవి గారి చేతికి అందిస్తూ ఫోటో దిగారు. ఆన్ చేస్తే మిక్సీలో కొబ్బరి వేసినట్టు మోత. ఐటీ చక్రధర్ గారు మాత్రం తన ప్రతిష్ఠకి తగ్గట్టు మూడు ఫ్యాన్లున్న పొడుగాటి కార్డు తెప్పించాడు. పదహారు జీబీ మెమరీ, వెనకాల నాలుగు సాకెట్లు. అది చూడగానే సువర్చల సాకెట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మూడు తెరలేం ఖర్మ, నాలుగు తెరల్ని ఒంటిచేత్తో నడిపించే కార్డు కళ్లెదురుగా ఉంది. మూడు కేబుళ్లు గుచ్చితే పని అయిపోతుంది.

చక్రధర్ గారికి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే మర్నాడు కొవ్వొత్తి, లక్క కడ్డీ, ఇత్తడి ముద్ర పట్టుకుని తనే స్వయంగా వచ్చాడు. నాలుగు సాకెట్లలో మూడింటి మీద ఎర్ర లక్క కరిగించి పోసి, ఆరేదాకా ఊది, ముద్ర గుద్దాడు. “అర్హత లేని మానిటర్లు దుర్వినియోగం చేసే అవకాశం ఉందమ్మా,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. సువర్చల ఆ లక్క వంక చూసిన చూపుకి అది మళ్లీ కరగవలసిందే, కానీ కరగలేదు.

ఒక పెట్టెలో మూడు కార్డులు పట్టవు. ఆ సమస్య రానే లేదు లెండి, ఎందుకంటే తన కార్డుని పరాయి పెట్టెలో ఉంచడానికి ఏ విభాగమూ ఒప్పుకోదు. కాబట్టి పెట్టెలూ మూడే. మూడు పెట్టెల్లో మూడు ఆటలు, మూడు కార్లు, మూడు రోడ్లు. స్టీరింగు మాత్రం ఒక్కటే. దాన్ని నడిమి పెట్టెకి తగిలించారు. మరి పక్క తెరల సంగతి? దానికీ దారి దొరికింది. ఏ విభాగం తెరని ఆ విభాగం సిబ్బందే నడపాలని తీర్మానించి, ఎడమ తెర దగ్గర యువజన ఆఫీసు టైపిస్టునీ, కుడి తెర దగ్గర క్రీడల ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ గుమాస్తానీ కుర్చీలేసి కూర్చోబెట్టారు. ఉజ్వల స్టీరింగు తిప్పినప్పుడల్లా వాళ్లిద్దరూ కీబోర్డు మీద బాణం గుర్తులు నొక్కి తమ తమ కార్లని కూడా అటే తిప్పాలి.

మొదటిరోజు ఉజ్వల ఎడమకి తిప్పింది. నడిమి తెరలో కారు కొండ మలుపు తిరిగింది. ఎడమ తెరలో టైపిస్టు కారు తిన్నగా పోయి సముద్రంలో పడింది. కుడి తెరలో గుమాస్తా కారు బయల్దేరనే లేదు, ఆయన తనకి ఆదేశం వ్రాతపూర్వకంగా అందాలంటున్నాడు. పిల్ల రెండు నిమిషాలు స్టీరింగు మీద చేతులుంచి కూర్చుండిపోయింది. తర్వాత గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

సువర్చలకి ఆ క్షణాన ఎంత కోపం వచ్చిందంటే, వెళ్లి ఆ లక్క మీద గోరు పెట్టింది. గీకితే ఊడిపోతుంది. ఊడితే కార్డు ఐటీ వాళ్లు పట్టుకుపోతారు, మానిటర్ యువజనం వాళ్లు పట్టుకుపోతారు, తన ఉద్యోగం పాపారాయుడు గారు పట్టుకుపోతాడు, ఉజ్వల బట్టల కొట్టుకి పోతుంది. ఇమ్మానుయేలు దగ్గర మూడు తెరలు లేవు. రాష్ట్ర పోటీల్లో కూడా ఈ దిక్కుమాలిన ఏర్పాటే ఉంటుందని ఉత్తర్వులో రాసి మరీ ఉంది. ఆవిడ గోరు వెనక్కి తీసుకుని, చీర కొంగు బిగించి, తనకి చేతనైన విద్యలోకి దిగింది.

కబడ్డీలో కూత పెట్టకుండా ఎవరూ గీత దాటరు. ఇక్కడా అంతే అంది ఉజ్వలతో. తిప్పే ముందు కూత పెట్టు. “ఎడమ” అని గట్టిగా అను. ఎడమ కుర్చీలోంచి “సరే” అని వినబడ్డాక తిప్పు. కుడి అయితే “కుడి” అని, సరే విన్నాక. గుమాస్తా గారు వ్రాతపూర్వకం అన్న పట్టు సడలించి, సరే అనే బదులు “నోట్ చేసుకున్నాను” అంటానన్నాడు. ఆ నాలుగు అక్షరాలు ఎక్కువ పట్టేసరికి కుడి మలుపులన్నీ ముందే చెప్పుకోవలసి వచ్చేది. టైపిస్టు క్యాజువల్ లీవు పెట్టిన రోజున జిల్లాలో ఎడమ మలుపులు ఉండేవి కావు, ఉజ్వల కుడికే తిరుగుతూ గిరికీలు కొట్టేది. భోజనం గంట కొడితే ముగ్గురి కార్లూ రోడ్డు మధ్య ఆగిపోయేవి.

కానీ మనుషులు ఎంత వింతవాళ్లో చూడండి, పోనుపోనూ అది కుదిరింది. ఎడమ, సరే, కుడి, నోట్ చేసుకున్నాను, ఎడమ, సరే. మూడు కార్లూ మూడు తెరల్లో ఒకే కారులా కదలడం మొదలెట్టాయి. గుమాస్తా గారికి హుషారొచ్చి, ఇంటి దగ్గర మనవడి కీబోర్డు మీద సాధన చేసి వస్తున్నాడు. సువర్చల వెనకాల నుంచుని చూస్తూ, సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక రెండూ పడేది.

రాష్ట్ర పోటీల హాలులోకి అడుగుపెట్టగానే సువర్చలకి నవ్వొచ్చింది. వరసగా సీట్లు, ఒక్కో సీటు ముందు మూడు తెరలు, మూడు పెట్టెలు, అటొకరు ఇటొకరు ఉద్యోగులు, ప్రతి మంచి కార్డు వెనకా ఎర్రగా లక్క సీళ్లు. మిగతా జిల్లాల వాళ్లు శిక్షణ కేంద్రాన్ని అట్టపెట్టెల్లోంచి తియ్యనే లేదు. వాళ్ల పిల్లలు సొంత ఇళ్లల్లో, పెద్ద పెద్ద గేమింగ్ సెంటర్లలో, మూడు తెరలకీ ఒకే కార్డున్న చక్కటి ఏర్పాట్ల మీద నేర్చుకుని వచ్చారు. పక్క జిల్లా కోచ్ ఒకాయన వచ్చి, కార్డు ఎవరిది, తెర ఎవరిది అని పైకి రాసి తగలడింది మీ జిల్లానేనా అని నిలదీశాడు. సువర్చల వినబడనట్టు నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ నిలబడింది.

పందెం మొదలైంది. తొలి మలుపులోనే సగం కార్లు పక్క తెరల్లో ఒకవైపూ నడిమి తెరలో ఒకవైపూ పోయి, ఆడేవాళ్లకి కళ్లు తిరిగాయి. ఒక కుర్రాడైతే పక్కనున్న ఉద్యోగి చొక్కా పట్టుకున్నాడు. ఉజ్వల మాత్రం కూర్చోగానే అటూ ఇటూ తిరిగి, మీ పేరేటండీ, మీ పేరేటమ్మా అని అడిగి, కూత పెడతాను, సరే అనండి చాలు అని చెప్పుకుంది. పందెం చివరిదాకా వెళ్లింది ఆ పిల్ల ఒక్కతే. రెండు, మూడు స్థానాలు ఎవరు ఎంత దూరం వెళ్లాక గుద్దుకున్నారన్న దాన్నిబట్టి ఇచ్చారు.

బహుమతి ప్రదానంలో ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన మాట్లాడుతూ, విభాగాల మధ్య సమన్వయం వల్లే ఈ విజయం సాధ్యమైందన్నాడు. పాపారాయుడు గారు, అరుంధతీదేవి గారు, చక్రధర్ గారు వేదిక మీద ఒకరి చేతులొకరు పట్టుకుని ఫోటో దిగారు. సువర్చలకి శాలువా కప్పి, మిగతా జిల్లాల కోచ్‌లందరికీ ఈ పద్ధతి నేర్పించమని ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఎర్నమ్మ సర్టిఫికెట్టుని తిరగేసి మరగేసి చూసుకుని, కళ్లు ఒత్తుకుంటూ, ఇంజినీరింగే కదా మేడమ్మా, నిజింగానే కదా అని పదిసార్లు అడిగింది. సీటు వచ్చింది. ఆ మాట నిలబడినందుకు సువర్చల ఆ రోజు కడుపు నిండా తింది.

రాష్ట్రంలో గెలిచినవాళ్లు జాతీయ పోటీలకి వెళ్లాలి. అవి వేరే రాష్ట్రంలో, ఎవరో ప్రైవేటువాళ్లు నిర్వహిస్తున్నారు. సువర్చల ఉజ్వలని రైల్లో తీసుకెళ్లింది. అక్కడ ఒక్కో సీటుకి ఒక్క పెట్టె, దాని వెనక ఒక్క కార్డు, అందులోంచి మూడు కేబుళ్లు మూడు తెరలకి పోతున్నాయి. లక్క లేదు, స్టిక్కర్లు లేవు. ఉజ్వల సీట్లో కూర్చుని అటు చూసింది, ఇటు చూసింది. పక్కన కుర్చీలు లేవు.

“మేడం, ఎడం తెర ఎవుల్ది?” అంది.

“నీదే.”

“కుడిది?”

“అదీ నీదే. మూడూ నీవేనే. తిప్పితే అవే తిరుగుతాయి.”

ఆ పిల్ల నమ్మినట్టు తల ఊపింది గానీ నమ్మలేదు. అలా ఎలా ఉంటుందన్నట్టు ఎడమ తెరని ఒకసారి వేలితో ముట్టుకుని చూసింది. సువర్చలని తాడు అవతల నిలబడమన్నారు. జెండా ఊగింది, కార్లన్నీ దూసుకుపోయాయి, ఉజ్వల కారు కూడా అందరికంటే ముందు దూసుకుపోయింది. మొదటి మలుపు ఎడమకి వచ్చింది.

“ఎడమ,” అని కూత పెట్టింది ఉజ్వల. పెట్టి, స్టీరింగు తిప్పకుండా, బ్రేకు తొక్కి, జవాబు కోసం ఆగింది.

హాల్లో ఎవరికీ ఏం జరుగుతోందో తెలియలేదు. వెనకున్న కార్లు దాటి పోతున్నాయి. మూడు తెరల్లో మూడు వైపులా ఒకే రోడ్డు, ఖాళీగా, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పరుచుకుని ఉంది. పిల్ల ఇంకా ఆగే ఉంది. తిప్పవే అని అరుద్దామనుకుంది సువర్చల. అలా అంటే కుదరదని ఆవిడకి తెలుసు, నేర్పింది తనే కదా. తాడు మీదికి వంగి, కబడ్డీ కోర్టులో అరిచే గొంతుతో, హాలంతా తిరిగి చూసేలా, “సరే” అంది.

ఉజ్వల తిప్పింది. కారు మలుపు తిరిగి ముందుకు సాగింది. ఆ పందెం ముగిసేదాకా ప్రతి మలుపు దగ్గరా ఉజ్వల అడుగుతూనే ఉంది, సువర్చల సరే అంటూనే ఉంది.